శ్రీ విజయపురానికి విమాన దూరం, ప్రయాణ సమయం: పటంలో విశాఖ దగ్గర, ప్రయాణంలో దూరం

అండమాన్ నికోబార్ దీవుల రాజధాని శ్రీ విజయపురం పాత పేరు పోర్ట్ బ్లెయిర్. 2024 సెప్టెంబరులో కేంద్రం ఈ పేరు మార్చింది. ఇక్కడి వీర్ సావర్కర్ అంతర్జాతీయ విమానాశ్రయం సంకేతం ఐఎక్స్‌జెడ్.

దేశ ప్రధాన భూభాగంలోని విమానాశ్రయాల నుంచి సముద్రం మీదుగా సరళ మార్గంలో కొలిస్తే చెన్నై సుమారు 1,370 కిలోమీటర్లు, కోల్‌కతా 1,300, హైదరాబాద్ 1,660, ఢిల్లీ 2,490 కిలోమీటర్ల దూరంలో ఉన్నాయి. విశాఖపట్నం దూరం 1,230 కిలోమీటర్లే. అంటే పై నగరాలన్నింటిలో దీవులకు అతి సమీపమైనది తెలుగు తీరమే. థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ మాత్రం ఇంకా దగ్గర, సుమారు 730 కిలోమీటర్లు.

దూరాన్ని వేగంతో భాగించినంత మాత్రాన ప్రయాణ సమయం తేలదు. జెట్ విమానం గంటకు సుమారు 830 కిలోమీటర్ల వేగంతో సాగితే చెన్నై నుంచి గంటా నలభై నిమిషాలు చాలాలి. రన్‌వే వరకు నడవడం, పైకి ఎగయడం, దిగడం కలుపుకొని రెండుంబావు గంటలు పడుతుంది. కోల్‌కతా నుంచీ దాదాపు అంతే. హైదరాబాద్ నుంచి నేరు విమానంలో సుమారు రెండున్నర గంటలు.

విశాఖ ప్రయాణికుడి లెక్క వేరు. నేరు సర్వీసు అందకపోతే చెన్నై మీదుగా వెళ్లాలి. అప్పుడు 1,230 కిలోమీటర్లు కాస్తా 1,990 అవుతాయి. గాలిలోనే మూడున్నర గంటలు గడుస్తాయి. మధ్యలో నిరీక్షణ అదనం, ఒక్కోసారి రాత్రి బస కూడా. దీవుల్లో తెలుగు మాతృభాషగా గలవారు 2011 జనగణన ప్రకారం 50 వేలకు పైగా ఉన్నారు. జనాభాలో ఇది సుమారు 13 శాతం. వీరిలో చాలా కుటుంబాల మూలాలు శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో ఉన్నాయి. పెళ్లికో, చావుకో, పెద్దాసుపత్రికో బయలుదేరే వారికి ఈ 760 కిలోమీటర్ల చుట్టుదారి కేవలం అంకె కాదు. విశాఖ నుంచి నౌక ఉన్నా అది రోజూ బయలుదేరదు. సముద్రం మీద రెండు రోజులకు పైగా గడపాలి.

వాతావరణమూ సమయాన్ని మారుస్తుంది. 3,290 మీటర్ల ఏకైక రన్‌వేను నౌకాదళ స్థావరం ఐఎన్‌ఎస్ ఉత్క్రోశ్‌తో కలిసి వాడుతున్నారు. ఒక చివర కొండ ఉన్నందున విమానాలు సాధారణంగా ఒకే దిశ నుంచి దిగుతాయి. వానాకాలంలో దిగడం కుదరక చెన్నైకో కోల్‌కతాకో వెనుదిరిగిన విమానాలున్నాయి. 2023 జులైలో ప్రారంభమైన కొత్త టెర్మినల్ ఏటా 50 లక్షల మందికి సరిపోతుంది కానీ, రన్‌వే పాతదే.

గడియారం మార్చుకోనక్కర్లేదు, అంతటా భారత ప్రామాణిక కాలమే. అయితే రేఖాంశ భేదం వల్ల దీవుల్లో సూర్యుడు హైదరాబాద్ కంటే దాదాపు గంట ముందుంటాడు. చలికాలంలో సాయంత్రం ఐదింటికే పొద్దు వాలిపోతుంది. మధ్యాహ్నం దిగి అదే రోజు మరో దీవికి పడవ ఎక్కాలనుకునేవారు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి.