కొల్లేటి సీమలో క్రైస్తవ గ్రంథములు – ఆరాధన – అక్షరము

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు చరిత్ర వ్యాసమొకటి వ్రాయవలసినదని కార్యవర్గమువారు కోరిరి. ఏలూరు, వేంగి అనగానే లేఖిని చాళుక్యుల వంకకును, నన్నయభట్టారకుని వంకకును పరుగిడుట సహజము. ఆ చరిత్రను పెద్దలు పెక్కుండ్రు వ్రాసియున్నారు. గడచిన రెండువందల యేండ్లలో మన సీమయందు అక్షరమునకు సంబంధించిన పెద్ద మార్పు మఱియొకటి జరిగినది. అది క్రైస్తవ గ్రంథములతో ముడివడియున్నది. మతవిషయమని దానిని మనము ప్రక్కనుంచితిమే గాని, మన వాఙ్మయ చరిత్రలో భాగముగా నెంచుట అరుదు. నేను క్రైస్తవుడను గాను. గ్రామలెక్కలు వ్రాసికొనుచు, తీరిక వేళల భారత భాగవతములు పఠించుకొనువాడను. బయటివాడనై చూచిన విషయమును చెప్పుటకే యీ నాలుగు మాటలు.

తెలుగు అచ్చుపుస్తకముల చరిత్రలో ఒక వింత కలదు. బెంజమిన్ షూల్జ్ అను జర్మను బోధకుడు చెన్నపట్టణమున నుండి తెలుగు నేర్చి, బైబిలును తెనిగింప బూనెను. అతడు స్వదేశమునకు మరలిన పిమ్మట 1746లో హాలె నగరమున అతని తెలుగు బోధగ్రంథములు అచ్చయ్యెను. తెలుగు అచ్చుపుస్తకములలో మొట్టమొదటి వానిలో ఇవి చేరినవి. 1805లో డిగ్రాంజెస్, క్రాన్ అను ఇరువురు లండను మిషను బోధకులు విశాఖపట్టణము చేరిరి. ఆనందరాయర్ అను బ్రాహ్మణ క్రైస్తవుని తోడ్పాటుతో డిగ్రాంజెస్ సువార్తలను తెనిగించుచు 1810లో మరణించెను. అతడు ముగించిన మూడు సువార్తలు 1812లో వంగదేశమందలి శ్రీరామపురమున అచ్చుపడెను. క్రొత్త నిబంధన 1818లోను, సంపూర్ణ బైబిలు 1854లోను వెలువడినవి. హాలె పుస్తకములకును సంపూర్ణ బైబిలునకును నడుమ 108 సంవత్సరములు గడచినవి. ఒక్క గ్రంథము కొఱకు ఇన్ని తరములవారు పాటుపడుట సామాన్యము కాదు. ఆ శ్రమ ఫలము క్రైస్తవులకు మాత్రమే దక్కలేదు. మనము నేటికిని చేతబట్టు బ్రౌను నిఘంటువు 1852లో మద్రాసునందలి క్రైస్తవ విజ్ఞాన సంఘమువారి ముద్రాలయమున అచ్చయినదే.

ఆ అనువాదకులు ఏరిన మాటలు విచారింపదగినవి. గ్రీకు భాషలోని శుభవార్తకు "సువార్త" యనిరి. వ్యాకరణ మీమాంసా శాస్త్రములలో తరతరములుగా నలిగిన "వాక్యము"ను దైవమునకు పర్యాయముగా గైకొనిరి. జ్ఞానస్నానమునకు మాత్రము గ్రీకు పదమునే తెలుగు విభక్తిలో నిలిపి "బాప్తిస్మము" అనిరి. విశ్వాసుల సమూహమునకు "సంఘము" అని పేరిడిరి. కామవరపుకోట చెంతనున్న గుంటుపల్లి గుహలలో రెండువేల యేండ్లకు పూర్వము బౌద్ధభిక్షువులు తమ సమూహమునకు వాడిన మాటయు నిదియే. మతములు వేఱైనను మాట యొక్కటే. భాష యెవ్వరిని వెలివేయదు.

ఇక మన సీమకు వత్తము. 1836లో గ్రోవ్స్ దొర వెంట వచ్చిన బౌడెన్, బీర్ అను ఇంగ్లీషు బోధకులు నరసాపురము, పాలకొల్లు ప్రాంతమున పని ఆరంభించిరి. 1841లో చర్చి మిషనరీ సంఘమువారి పక్షమున రాబర్టు నోబిల్, హెన్రీ ఫాక్స్ అనువారు మచిలీపట్టణమున దిగిరి. నోబిల్ 1843లో పాఠశాల నెలకొల్పెను. విద్య మొదట అగ్రవర్ణములవారికి అబ్బినచో అది క్రమముగా క్రిందికి ప్రవహించునని ఆయన తలంపు. అందుచే అస్పృశ్యులనబడువారి బిడ్డలకు అందు ప్రవేశము లేకపోయెను. 1852లో ఇరువురు విద్యార్థులు క్రైస్తవులు కాగా, తలిదండ్రులు తమ పిల్లలను మాన్పించుటచే బడి శూన్యప్రాయమయ్యెను. నోబిల్ ధైర్యము విడువక దానిని మరల నిలిపి, 1865లో మరణించువఱకు అచ్చటనే యుండెను.

1854లో ఆ సంఘమువారు ఏలూరున స్థానమేర్పఱచిరి. ధవళేశ్వరము ఆనకట్ట 1852లోను, బెజవాడ ఆనకట్ట 1855లోను పూర్తి యగుటచే, అటు గోదావరి కాలువయు ఇటు కృష్ణ కాలువయు ఏలూరున కలిసికొనెను. ధాన్యము మోసిన పడవలే పుస్తకములను, ఉపదేశకులను మోసెను. తాడేపల్లిగూడెము ప్రాంతమున లూథరను సంఘము వేళ్లూనెను. తరువాతి కాలమున కతోలిక సంఘము విస్తరించి, 1976లో ఏలూరు ప్రత్యేక మేత్రాసన మయ్యెను.

అయితే అక్షరము నోబిల్ దొర తలచినట్లు పైనుండి క్రిందికి ప్రవహింపలేదు. 1859లో కృష్ణా మండలమందలి రాఘవాపురమున మాల కులమున బుట్టిన పగోలు వెంకయ్య యను నాతడు డార్లింగు దొరచే బాప్తిస్మము పొందెను. అతని వెనుక అతనివారును, పిమ్మట పేటలకు పేటలును కదలినవి. అట్టి పేటలలో వెలసిన తాటాకు పాక ఆదివారము గుడి, తక్కిన దినములలో బడి. ఉపదేశకుడే పంతులు. పగలు కూలికి పోయినవారు రాత్రి దీపము ముందు ఓనమాలు దిద్దిరి. బాప్తిస్మము గోరువారు ప్రభువు ప్రార్థనయు, పది ఆజ్ఞలును కంఠస్థము చేయవలసియుండెను. కంఠస్థమైన దానిని కన్నులతో చదువవలెనను కోరిక పుట్టుట సహజము. తరతరములుగా అక్షరము ముట్టనీయని వారికి ఈ మతము చేతికి పుస్తకమిచ్చి చదువుమనెను. మతము మాట యెట్లున్నను, ఈ ఒక్క కార్యమును చరిత్రకారుడు విస్మరింపరాదు.

ఆరాధనలో పాట స్థానము గొప్పది. చదువురాని వారికి పాటయే గ్రంథము. ఈ విషయమున పురుషోత్తమ చౌదరిగారికి (1803–1890) మనమెల్లరము ఋణపడియున్నాము. ఆయన రచించిన కీర్తనలు రాగతాళములతో కూడినవి. నేటి ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకము తెఱచినను పెక్కు కీర్తనల నెత్తిపై రాగము, తాళము కనబడును. ఇంగ్లీషు వరుసలకు తెలుగు మాటలు కూర్చుటకును, తెలుగు రాగమున తెలుగు భక్తి పలుకుటకును గల భేదము చెవిగలవారికి తెలియును. మన పెద్దలు రామదాసు కీర్తనలు పాడుకొన్న రాగములనే వారును పాడుకొనిరి. సంస్కృతి యన నిట్టిదే.

లోపములు లేవని నేననను. పాత అనువాదములలో కొన్ని వాక్యములు తెలుగు నడక తప్పి కుంటును. కొందఱు బోధకులు మన పురాణములను నిందించుటయే బోధ యనుకొనిరి. కులభేదము గుడి గుమ్మము దాటి లోనికిని వచ్చెను. ఆ లోపములను గుర్తించినవారు వారిలోనే కలరు. దోర్నకల్లు బిషప్పు అజరయ్యగారు (1874–1945) పుట్టుకచే తమిళులయ్యును, తెలుగు నేర్చి, దేశీయ గానమును ఆరాధనలో ప్రోత్సహించిరి. 1939లో దోర్నకల్లున ప్రతిష్ఠింపబడిన వారి దేవాలయము ఆలయ శిల్పమును, మసీదు శిల్పమును కలుపుకొని నిలిచినది. మహాకవి గుఱ్ఱము జాషువగారు (1895–1971) ఒక వంక అస్పృశ్యతను, మఱియొక వంక పురాణ వస్తువులను చేపట్టినందులకు స్వమతస్థుల అసమ్మతిని భరించి, తెలుగు పద్యమును విడువరైరి. వారి "క్రీస్తు చరిత్ర"కు 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమానము లభించినది. పద్యము ఎవరి సొత్తు అను ప్రశ్నకు అంతకంటె సమాధానము వేఱొకటి వలయునా?

ఇక లెక్కలు వ్రాయువాడనుగా నాకు తోచిన మాట. గ్రామపు పాత అడంగళ్లలో భూమి గలవాని పేరుండును, సర్వే నెంబరుండును, శిస్తుండును. భూమి లేనివాని పేరు అందుండదు. ఆ పొలములను దున్ని, నాటి, కోసినవాని పేరు వెదకినను దొరకదు. అట్టివాని పేరు, తండ్రి పేరు, ఊరు పేరు తేదీతో వ్రాసియుంచిన పుస్తకములలో మిషనువారి బాప్తిస్మపు రిజిస్టరు ముఖ్యమైనది. అది ఒక మతపు దస్తావేజు మాత్రమే యనుకొనరాదు. మన గ్రామముల చరిత్రలో సగపాలు దానిలో నున్నది. బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు మీదికి వచ్చు సీమ మనది. చెమ్మకును, చెదకును ఆ కాగితములు ఎంతకాలము నిలుచును?

పుస్తకమును జనుల వద్దకు కొనిపోవుట మన గ్రంథాలయోద్యమ ధర్మము. 1914లో బెజవాడయందు ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిన అయ్యంకి వెంకటరమణయ్యగారును, 1935లో పెదపాలెము కాలువపై పడవ గ్రంథాలయమును నడిపించిన పాతూరి నాగభూషణముగారును మనకు చూపిన బాట యదియే. కావున రజతోత్సవ సందర్భమున సభ్యులకు మూడు విన్నపములు. చౌదరిగారి కీర్తనలును, పాత తెలుగు బైబిలును, జాషువగారి కావ్యములును మన బీరువాలో భారత భాగవతముల సరసన నుంచుడు. పేటలోని వృద్ధులకు నోటనున్న పాత పాటలను వారి బ్రతుకునాళ్లలోనే వ్రాసికొనుడు. సంఘపు పెద్దల అనుమతితో పాత రిజిస్టర్లకు నకళ్లు తీయించి భద్రపఱచుడు. ఈ పనులకు వలయు వ్యయము స్వల్పము. వ్రాయుటకు నా చేయి సిద్ధముగా నున్నది.

మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొను నాటికి ఊరిలోని ప్రతి గడపవారి పేరును అందు చదువుకొన వీలగుగాక యని దైవమును ప్రార్థించుచున్నాను.