విడివడే ఆయుధం, కనిపించని అతుకు: రంగోపకరణ నిర్మాణ చరిత్రపై ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

నటుడు ధరించే కిరీటం, పట్టుకునే ఆయుధం, నడుముకు తగిలించుకునే పరికరం ఆహార్యంలో భాగాలు. వీటిని తేలికగా, విడదీసి మళ్లీ కూర్చే వీలుతో, అతుకు కనబడకుండా తయారుచేయడం ప్రాచీనకాలం నుంచి ఉన్న సమస్య. నాట్యశాస్త్రం చెప్పిన పుస్తవిధానాన్ని, 1966లో ప్రసారం మొదలైన ‘స్టార్ ట్రెక్’ ధారావాహికలోని ‘ఫేజర్’ అనే ఆయుధాన్ని పక్కపక్కన పెట్టి ఈ వ్యాసం ఆ సమస్యను పరిశీలిస్తుంది. ఉపకరణంపై అతుకును చెరిపివేసే నైపుణ్యమే దానిని చేసినవాని పేరును కూడా చెరిపివేస్తున్నదని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: ఆహార్యం, పుస్తం, రంగోపకరణం, రెజిన్, లక్క, వా చాంగ్, ఫేజర్.

1. ఉపోద్ఘాతం

నాటక, చలనచిత్ర చరిత్రలలో రచయితకు, దర్శకునికి, నటునికి దక్కిన స్థానం ఆహార్యశిల్పికి దక్కలేదు. పాత్ర చేతిలోని గద ఎంత బరువున్నట్లు కనిపించిందో ప్రేక్షకుడు గుర్తుంచుకుంటాడు. ఆ గద నిజానికి ఎంత తేలికగా ఉండేదో, దాని తలను పిడినుంచి ఎలా ఊడదీసి పెట్టెలో సర్దేవారో చరిత్రకారుడు కూడా అడగడు. ఉపకరణం విజయవంతమైతే అది ‘చేసిన వస్తువు’గా కనిపించదు, పాత్రకు చెందిన వస్తువుగానే కనిపిస్తుంది. అందువల్ల ఈ విద్యలో ఎంత బాగా పనిచేస్తే పనివాడు అంతగా మరుగునపడతాడు.

ఈ పరిశీలనకు రెండు ఆధారాలను ఎంచుకోవడమైనది. ఒకటి శాస్త్రగ్రంథం, రెండవది ఒక వస్తువు. వీటి మధ్య ప్రత్యక్షమైన పరంపర ఉన్నదని ఈ వ్యాసం వాదించదు. సమస్య ఒకటే కావడం వల్ల పరిష్కారాలకు పోలిక కలిగిందని మాత్రమే ప్రతిపాదిస్తుంది.

2. నాట్యశాస్త్రంలో పుస్తవిధానం

భరతుని నాట్యశాస్త్రంలో ఆహార్యాభినయాన్ని వివరించే అధ్యాయం కొన్ని ప్రతులలో 21వది, మరికొన్నింటిలో 23వది. పోణంగి శ్రీరామ అప్పారావు అనువాదవ్యాఖ్యానం వల్ల ఈ భాగం తెలుగు పాఠకులకు చిరపరిచితమే. అందులో ఆహార్యం నాలుగు విధాలు: పుస్తం, అలంకారం, అంగరచన, సంజీవం. రంగంపై చూపవలసిన కొండలు, వాహనాలు, కవచాలు, ధ్వజాలు మొదలైన వాటి నమూనాలను తయారుచేయడం పుస్తం. ఇది మళ్లీ మూడు విధాలు. చాప, వస్త్రం, చర్మం వంటి వాటిని జతచేసి కట్టేది సంధిమం. యంత్రంతో కదిలేది వ్యాజిమం. వస్త్రాదులను చుట్టి రూపం తెచ్చేది వేష్టిమం.

ఈ విభజన వస్తువు దేనిని పోలి ఉన్నదన్న దానిపై కాక, ఎలా తయారైనదన్న దానిపై ఆధారపడినది. అంటే శాస్త్రకర్త ఇక్కడ ప్రేక్షకుని చోటు విడిచి పనివాని పక్కన కూర్చున్నాడు. బరువు విషయంలోనూ అంతే. బరువైన ఆభరణాలు నటుని అలసటకు గురిచేస్తాయి గనుక పలుచని రాగిరేకు, అభ్రకం, లక్క, మైనం వంటివి వాడాలన్నాడు. ఆయుధాలను కూడా వెదురు, లక్క మొదలైన తేలికపదార్థాలతోనే చేయాలన్నాడు. రంగంపై ఆయుధం గుచ్చుకోకూడదు, తాకినట్లుండాలి.

కిరీటాదులకు ఆధారమైన ప్రతిశీర్షకాన్ని చేసే పద్ధతి మరీ ముఖ్యమైనది. వస్త్రానికి మారేడు జిగురుముద్ద పట్టించి, బూడిదనో ధాన్యపు పొట్టునో కలిపి, రూపం తెచ్చి, ఎండలోగాని నిప్పుసెగకుగాని ఆరబెట్టి, తరువాత పదునైన పనిముట్టుతో రంధ్రాలు చేయాలి. ఇందులో మూడు అంశాలున్నాయి: అంటించే జిగురు, బలమిచ్చే వస్త్రం, మందమిచ్చే పొడి. ఈ మూడింటి కలయికలో ఏ ఒక్కదానికీ లేని గుణం పుడుతుంది. వస్త్రం ఒక్కటే నిలబడదు, జిగురు ఒక్కటే ఆరితే పెళుసుబారుతుంది, పొడి ఒక్కటైతే రాలిపోతుంది. మూడూ కలిస్తే తలపై నిలిచే డొల్ల తయారవుతుంది.

3. లక్క నుంచి రెజిన్ వరకు

రంగోపకరణాలకు తోడ్పడిన ప్రకృతిసిద్ధమైన రెజిన్లలో లక్క ముఖ్యమైనది. మోదుగ, రేగు వంటి చెట్లపై ఒక జాతి పురుగులు స్రవించే ఈ పదార్థం వేడికి కరిగి, చల్లారితే గట్టిపడి, మెరుగు పెడితే నిగనిగలాడుతుంది. ఆధునిక పరిశ్రమ కూడా దీనిపై ఆధారపడింది. గ్రామఫోను రికార్డులకు, విద్యుత్ తీగల బంధకానికి లక్క అవసరమైంది. దానిని అందించిన దేశాలలో భారతదేశం ప్రధానమైనది.

ఈ లక్కకు ప్రత్యామ్నాయాన్ని వెదకుతూనే అమెరికాలో లియో బేక్‌లండ్ 1907లో బేకలైట్‌ను కనుగొన్నాడు. కృత్రిమ రెజిన్ల యుగానికి అది తొలిమెట్టు. 1937లో జర్మనీలో ఒట్టో బాయర్ బృందం పాలియూరిథేన్‌ను రూపొందించింది. 1938లో అమెరికాలో ఓవెన్స్-కార్నింగ్ సంస్థ ఏర్పడి గాజునారను పరిశ్రమస్థాయికి తెచ్చింది. రెండవ ప్రపంచయుద్ధకాలంలో ఆ నారను పాలియెస్టర్ రెజిన్‌లో తడిపి విమానభాగాలను పోశారు. యుద్ధానంతరం పడవలకు, కార్లకు ఇదే పదార్థం వచ్చింది. 1953 నాటి కార్వెట్ కారు దేహం గాజునారదే.

గాజునార వస్త్రం, రెజిన్ జిగురు, మందం కోసం కలిపే పొడి అన్న మూడంశాల కూర్పు భరతుని ప్రతిశీర్షకాన్ని గుర్తుకు తెస్తుంది. మారేడుముద్ద స్థానంలో రసాయనం, ఎండ స్థానంలో గట్టిపరిచే ద్రవం వచ్చాయి. ఆరే సమయం తగ్గింది, బలం పెరిగింది. పనివాని తర్కం మాత్రం మారలేదు.

4. వా చాంగ్, ఫేజర్

వా మింగ్ చాంగ్ 1917లో హోనొలులులో జన్మించిన చైనా సంతతి అమెరికన్ శిల్పి. యౌవనంలోనే డిస్నీ సంస్థలో చేరి ‘పినోకియో’, ‘బాంబి’ చిత్రాల చిత్రకారులకు ఆధారంగా ఉండే నమూనాబొమ్మలు చేశాడు. ఇరవైల తొలినాళ్లలోనే పోలియో సోకి కాళ్లు చచ్చుబడ్డాయి. ఆధారపట్టీలతో నడక నేర్చుకుని మళ్లీ పనిలోకి వచ్చాడు. ‘ద కింగ్ అండ్ ఐ’ (1956) చిత్రంలోని నృత్యఘట్టానికి ముఖకవచాలు, ‘క్లియోపాత్రా’ (1963) చిత్రంలో ఎలిజబెత్ టేలర్ ధరించిన శిరోభూషణం ఆయన చేతిపనులు.

1966 సెప్టెంబర్ 8న అమెరికాలో ప్రసారం మొదలైన ‘స్టార్ ట్రెక్’కు ఆయన చేసిన వస్తువులలో ఫేజర్ ఒకటి. దాని రూపకల్పనలో ఆ ధారావాహిక కళాదర్శకుడు మాట్ జెఫ్రీస్ పాత్ర కూడా ఉన్నది. ఫేజర్ ఒకే ఆయుధంగా కనిపించే రెండు ఆయుధాలు. అరచేతిలో ఇమిడే చిన్న పెట్టె మొదటిది. పిస్తోలు ఆకారంలో ఉన్నది రెండవది. చిన్నది పెద్దదాని పైభాగంలోని గాడిలో కూర్చుంటుంది, అవసరమైతే ఊడివస్తుంది. పిడి కూడా కథలో శక్తినిచ్చే ఘటం గనుక విడివడే భాగమే.

ఈ విడదీతకు కథలో ప్రయోజనమున్నది. స్నేహపూర్వకంగా వెళ్లిన చోట చిన్న ఆయుధం దుస్తులమాటున ఉంటుంది. ప్రమాదం ఎదురైన చోట పెద్దది బయటికి వస్తుంది. పాత్ర ఏ ఉద్దేశంతో అడుగుపెట్టిందో ఒక్క మాటైనా లేకుండా వస్తువు చెబుతుంది. ఆహార్యం అభినయమెలా అవుతుందో చెప్పడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ అరుదు. భరతుని పరిభాషలో చెప్పాలంటే ఇది సంధిమం, వ్యాజిమం కలిసిన వస్తువు.

చిత్రీకరణ అవసరాలు వేరు. కెమెరా దగ్గరికి వచ్చినపుడు భాగాలు కదిలే, వివరాలు నిండిన మేలుప్రతి కావాలి. దూరపు దృశ్యాలకు గాజునారతో పోసిన డొల్ల చాలు. నటుడు కిందపడే పోరాటాలకు దెబ్బ తగలని తేలికప్రతి కావాలి. కాబట్టి ప్రేక్షకుడు ఒకటేననుకున్న ఆయుధం పనివాని దృష్టిలో ఒక కుటుంబం. ఒర కనబడకూడదు గనుక దానిని వెల్క్రో పట్టీతో నడుముకు అంటించేవారు.

5. కూర్పు, తుదిమెరుగు

ఇటువంటి ఉపకరణాన్ని నేటికీ ఇంచుమించు ఒకే క్రమంలో పూర్తిచేస్తారు. ఆ క్రమం తెలియకపోతే ఈ విద్య విలువ తెలియదు గనుక క్లుప్తంగా వివరించడమైనది.

అచ్చునుంచి వచ్చిన రెజిన్ భాగాలపై, వాటిని సులువుగా విడిపించడానికి పూసిన జిడ్డు మిగిలి ఉంటుంది. దానిని సబ్బునీటితో కడగకపోతే పైన వేసిన రంగు పొలుసులుగా లేస్తుంది. అచ్చు రెండు సగాలు కలిసిన చోట సన్నని గట్టు ఏర్పడుతుంది. దానిని కత్తితో గీకి, ఉప్పుకాగితంతో ముతక నుంచి సన్నదానికి వరుసగా రుద్దుతారు. గాలిబుడగల గుంటలను లప్పంతో పూడుస్తారు. రెజిన్ పొడి ఊపిరితిత్తులకు హాని చేస్తుంది గనుక తడిపి రుద్దడం, ముక్కుకు తగిన రక్షణ ధరించడం తప్పనిసరి.

తరువాత జిగురు లేకుండానే భాగాలన్నీ ఒకసారి కూర్చి చూడాలి. శాశ్వతంగా అతికే భాగాల మధ్య ఇత్తడి చీలను దూర్చితే బరువు జిగురుపై కాక లోహంపై పడుతుంది. విడివడే భాగాలకు గాడి, బిళ్ల, అయస్కాంతం వంటి ఏర్పాట్లు చేస్తారు. మరను నేరుగా రెజిన్‌లోకి బిగిస్తే పదిసార్లు విప్పేసరికి దారి అరిగిపోతుంది. అందుకే ముందుగా ఇత్తడి గొట్టాన్ని పొదుగుతారు. అయస్కాంతాలను అతికేముందు ధ్రువాలను గుర్తుపెట్టుకోకపోతే కలవవలసిన భాగాలు ఒకదానినొకటి తోసుకుంటాయి.

విడివడే భాగమున్న ఉపకరణంలో అసలు కష్టం రంగు దగ్గర మొదలవుతుంది. అస్తరు, రంగు, మెరుగుపూత అన్నీ కలిసి ఉపరితలానికి మందం పెంచుతాయి. రంగుకు ముందు సరిగ్గా ఇమిడిన భాగం రంగు తరువాత ఇమడదు. బలవంతంగా దూర్చితే అంచుల వద్ద రంగు రాలుతుంది. కాబట్టి నేర్పరి ఆ మందాన్ని ముందే లెక్కవేసి సందు విడుస్తాడు, తాకే ముఖాలకు రంగు తగలకుండా కప్పుతాడు. లేని పొరకు ముందే చోటివ్వడం ఈ పనిలోని వివేకం. అతుకును సహజంగా ఒక గీత ఉండవలసిన చోటనే నిలిపితే అది ప్రేక్షకునికి అలంకారంగా తోస్తుంది.

6. శిల్పమా, సామగ్రా?

వా చాంగ్ రంగోపకరణ కార్మికుల సంఘంలో సభ్యుడు కాడు. అందుచేత ఆయనకు నేరుగా పని అప్పగించడానికి అభ్యంతరాలు వచ్చాయని, ఆయన స్వతంత్రంగా చేసిన వస్తువులను స్టూడియో కొనుగోలు చేసినట్లు చూపవలసివచ్చిందని నాటి నిర్మాణబాధ్యులు హెర్బర్ట్ సాలో, రాబర్ట్ జస్ట్‌మన్ తమ 1996 నాటి గ్రంథంలో తెలిపారు. సంఘానికి తన సభ్యుల జీవనోపాధిని కాపాడుకునే న్యాయమైన కారణముండవచ్చు. అయినా ఫలితం ఒకటే: ధారావాహిక పేర్లపట్టికలో ఆయన పేరు లేదు. అంతకుముందు ఆయన భాగస్వామిగా ఉన్న సంస్థ పనిచేసిన ‘ద టైమ్ మెషీన్’ (1960) చిత్రానికి ప్రత్యేక ప్రభావాల ఆస్కార్ లభించినపుడు కూడా పురస్కారం జీన్ వారెన్, టిమ్ బార్ పేర్లకే వెళ్లింది. చాంగ్ 2003లో మరణించాడు.

ఇదే ప్రశ్న మరొక రూపంలో న్యాయస్థానం ముందుకు వచ్చింది. ‘స్టార్ వార్స్’ (1977) సైనికుల శిరస్త్రాణం రెజిన్‌ది కాదు, వేడిచేసిన ప్లాస్టిక్ రేకును అచ్చుపై పీల్చి చేసినది. రాల్ఫ్ మెక్వారీ చిత్రం, నిక్ పెంబర్టన్ మట్టినమూనా, ఆండ్రూ ఐన్స్‌వర్త్ ప్లాస్టిక్ పని వరుసగా దానికి రూపమిచ్చాయి. ఐన్స్‌వర్త్ తరువాతికాలంలో నకళ్లు అమ్మగా లూకాస్‌ఫిల్మ్ దావా వేసింది. ఆ శిరస్త్రాణం శిల్పం కాదని, చిత్రనిర్మాణంలో ఉపయోగపడిన సాధనమని 2011లో బ్రిటన్ సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది.

న్యాయపరంగా ఆ తీర్పు శిల్పానికుండే దీర్ఘకాల రక్షణ ఎవరికి వర్తిస్తుందన్న దానికి పరిమితం. చరిత్రకారునికి మాత్రం అది వేరొక విషయాన్ని స్పష్టం చేస్తుంది. ఉపయోగం, కళ అన్న రెండింటిలో ఒకదానిని ఎంచుకోమంటే రంగోపకరణం ఇబ్బందిపడుతుంది. భరతుని విభజనలో ఆ ఇబ్బంది లేదు. పుస్తం అభినయంలో భాగం గనుక అది ఉపయోగపడడమే దాని కళ.

7. ముగింపు

తెలుగు రంగస్థల చరిత్ర ముందున్న పని దీనినుంచే తేలుతుంది. కూచిపూడి సంప్రదాయంలో బూరుగు వంటి తేలిక కర్రతో ఆభరణాలు చేసే అలవాటున్నది. భామాకలాపంలో సత్యభామ తెరపై వేసే జడ సవాలుకు గుర్తు, అంటే కేవలం అలంకారం కాదు, కథను నడిపే వస్తువు. ఆ పాత్రతో వేదాంతం సత్యనారాయణ శర్మ పేరు శాశ్వతమైంది. ‘మాయాబజార్’ (1957) కళాదర్శకులుగా మా. గోఖలే, కళాధర్ పేర్లు నిలిచాయి. వారితోబాటు జడబిళ్లను చెక్కిన చేయి, కిరీటానికి రేకు తొడిగిన చేయి, గదను రెండుగా చేసి మళ్లీ ఒకటిగా చూపిన చేయి కూడా నమోదు కావాలి.

ఇందుకు మార్గం వస్తువులోనే ఉన్నది. నాటకసమాజాల పెట్టెలలో, అద్దెకిచ్చే దుకాణాల అరలలో పాత ఉపకరణాలు మిగిలి ఉన్నాయి. వాటిని ముందువైపు ఫొటో తీసి వదిలివేయక, తిప్పి వెనుకవైపు చూడాలి. జిగురు ఏదో, వస్త్రం ఏదో, చీల ఎక్కడ దూర్చారో, ఎన్నిసార్లు మరమ్మతు జరిగిందో రాసుకోవాలి. పనిచేసిన కుటుంబాలను అడిగి పేర్లు సేకరించాలి. ప్రేక్షకునికి కనబడకుండా పనివాడు దాచిన అతుకును వెదికి చూపవలసిన బాధ్యత పరిశోధకునిది.