నాన్నతో చివరి మాట: నేట్ ఎబ్నర్ కథ

ఫ్రెండ్స్, నేట్ ఎబ్నర్ పేరు మనలో చాలామంది విని ఉండరు. అమెరికాలోని ఒహాయో కుర్రాడు. రగ్బీ పిచ్చి నాన్న నుంచే వచ్చింది. 17 ఏళ్లకే దేశం తరఫున ఆడేశాడు. 2008లో ఒకరోజు నాన్నతో, కాలేజీలో అమెరికన్ ఫుట్‌బాల్ ఆడాలనుంది అన్నాడు. దిగితే సీరియస్‌గా దిగమన్నాడాయన. మర్నాడే, తన పాత కార్ల యార్డులో, దోపిడీకి వచ్చినవాడి చేతిలో చనిపోయాడు.

ఎబ్నర్ స్కాలర్‌షిప్ లేకుండానే ఒహాయో స్టేట్ జట్టులో చేరాడు. ఎక్కువగా ఆడింది స్పెషల్ టీమ్స్‌లో. అంటే బంతిని కిక్ కొట్టగానే పరిగెత్తి, అందుకున్నవాణ్ణి పడగొట్టాలి. రగ్బీ ఆడినవాడికి అది కొట్టిన పిండే కదా! 2012 డ్రాఫ్ట్‌లో 197వ ఆటగాడిగా ప్యాట్రియాట్స్ తీసుకుంది.

2016లో క్లబ్ నుంచి సెలవు తీసుకుని రియో ఒలింపిక్స్‌లో రగ్బీ సెవెన్స్ ఆడాడు. పతకం రాలేదు, అమెరికాది 9వ స్థానం. ఆర్నెల్లకే సూపర్ బౌల్ గెలిచిన జట్టులో ఉన్నాడు. 3-28తో వెనకబడి, చివరికి 34-28తో నెగ్గిన మ్యాచ్ అది!