రెండు గొంతుల్లో ఒకటి

ఆలిస్ ఇన్ చెయిన్స్ పాటల్లో మనల్ని ముందుగా పట్టుకునేది జంట గొంతు. రాక్ బృందాల్లో మామూలుగా ఒకరు పాడుతుంటే మిగతావాళ్లు పల్లవి దగ్గర వంత కలుపుతారు. ఈ సియాటెల్ బృందంలో మాత్రం లేన్ స్టేలీ, జెర్రీ కాంట్రెల్ ఇద్దరూ ఒకే చరణాన్ని పక్కపక్కన నడిపించేవారు. స్టేలీది ఖంగుమని మోగే గొంతు. కాంట్రెల్‌ది కాస్త మెత్తన. ఆ రెండు స్వరాల మధ్య ఉంచిన ఎడం వినసొంపుగా ఉంటూనే ఎక్కడో కోస్తుంది. ముప్ఫై ఏళ్లు దాటినా ఆ కోతకు పదును తగ్గలేదు.

ఆ ఇద్దరిలో ఒకరి గొంతు 34 ఏళ్లకే మూగబోయింది. ఒక్క రాత్రిలో జరిగిన ఘోరమైతే విధిని తిట్టుకుని ఊరుకునేవాళ్లం. ఇది ఊరంతా చూస్తుండగా, స్నేహితులు పిలుస్తుండగా, లక్షలమంది శ్రోతలు చప్పట్లు కొడుతుండగా ఏళ్ల తరబడి జరిగింది. అందుకే మొదటినుంచీ చెప్పుకోవాలి.

లేన్ 1967 ఆగస్టు 22న వాషింగ్టన్ రాష్ట్రంలోని కిర్క్‌లాండ్‌లో పుట్టాడు. ఇవాళ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల పుణ్యమా అని కిర్క్‌లాండ్, బెల్‌వ్యూ, రెడ్‌మండ్ పేర్లు తెలుగు ఇళ్లలో సొంత ఊళ్ల పేర్లంత మామూలుగా వినిపిస్తాయి. అప్పట్లో అవి సియాటెల్ పక్కనుండే చిన్న ఊళ్లు. లేన్‌కు ఏడేళ్లప్పుడు తల్లిదండ్రులు విడిపోయారు. పన్నెండేళ్లకు డ్రమ్స్ పట్టాడు. తర్వాత, పాడాలన్న కోరికతో మైకు ముందుకొచ్చాడు.

కాంట్రెల్ ఇంటి కథ వేరు. తండ్రి వియత్నాం యుద్ధంలో పోరాడి వచ్చిన సైనికుడు. ఏడాది తిరగకుండా ముందు అమ్మమ్మనూ, తర్వాత 1987లో తల్లి గ్లోరియానూ క్యాన్సర్ తీసుకుపోయింది. ఇరవయ్యొక్కేళ్ల కుర్రాడు గూడు చెదిరి సియాటెల్ చేరాడు. అక్కడ బల్లార్డ్ పేటలో మ్యూజిక్ బ్యాంక్ అని, బృందాలు రాత్రింబవళ్లు సాధన చేసుకునే అద్దె గదులుండేవి. లేన్ అక్కడే మకాం. జెర్రీకి కూడా చోటిచ్చాడు. షాన్ కిన్నీ డ్రమ్స్‌తో, మైక్ స్టార్ బేస్ గిటార్‌తో వచ్చి చేరారు. అలా 1987లో బృందం నిలబడింది. చేతిలో పైసా లేదు. నలుగురికీ దాదాపు ఒకే వయసు, ఒకే ఆకలి.

సియాటెల్‌లో అప్పుడు కొత్త రాక్ పుడుతోంది. తర్వాత లోకం దానికి గ్రంజ్ అని పేరు పెట్టింది. ఆ ఊరి బృందాలన్నీ ఒకరికొకరు తెలిసినవే. ఒకరి వేదిక మీద మరొకరు పాడేవారు, ఒకరి ఇంట్లో మరొకరు పడుకునేవారు. హెరాయిన్ కూడా అలాగే చేతులు మారింది. 1990 మార్చిలో మదర్ లవ్ బోన్ గాయకుడు ఆండ్రూ వుడ్ హెరాయిన్‌కు బలయ్యాడు. వయసు 24. అప్పటికి ఆ బృందం తొలి ఆల్బమ్ ఇంకా విడుదల కాలేదు. ఆలిస్ ఇన్ చెయిన్స్ తమ తొలి ఆల్బమ్ ఫేస్‌లిఫ్ట్‌ను గ్లోరియాకు, వుడ్‌కు అంకితమిచ్చింది. వుడ్‌ను తలచుకుని కాంట్రెల్ 'వుడ్?' (Would?) అనే పాట రాశాడు. అతన్ని నిందించడానికి తొందరపడే లోకాన్ని ఆ పాట నిలదీసింది. చరణాలు కాంట్రెల్, పల్లవి లేన్ పాడారు. మత్తు ఎక్కడికి తీసుకెళ్తుందో తెలియక ఈ కుర్రాళ్లు అందులో పడ్డారని ఎవరూ అనలేరు. మొదటి చావును దగ్గరగా చూశారు.

1990 ఆగస్టులో వచ్చిన ఫేస్‌లిఫ్ట్ మొదట నెమ్మదిగా అమ్ముడైంది. ఎంటీవీ 'మ్యాన్ ఇన్ ది బాక్స్' వీడియోను మళ్లీ మళ్లీ చూపించడంతో దశ తిరిగింది. 1991 సెప్టెంబరుకల్లా ఐదు లక్షల ప్రతులు దాటి గోల్డ్ రికార్డు అయింది. నిర్వాణా బృందం నెవర్‌మైండ్ అప్పటికి ఇంకా అంగళ్లలోకే రాలేదు. సియాటెల్ కెరటంలో మొదట ఒడ్డును తాకింది వీళ్లే.

ఏడాది తర్వాత డర్ట్ వచ్చింది. 1992 వసంతంలో లాస్ ఏంజెలెస్‌లో రికార్డింగ్ మొదలుపెట్టేసరికి రాడ్నీ కింగ్ అనే నల్లజాతీయుణ్ణి కొట్టిన పోలీసుల కేసు తీర్పుతో ఊరు భగ్గుమంది. అల్లర్లు సద్దుమణిగేదాకా బృందం ఊరు వదిలి వెళ్లాల్సి వచ్చింది. ఆ ఆల్బమ్‌లో లేన్ తన వ్యసనాన్ని దాచలేదు. మొదట సుఖమనిపించినది తర్వాత ఎలా సంకెళ్లు వేస్తుందో ఒక్కో పాటలో ఒక్కో మెట్టు దిగుతూ చెప్పాడు. అది హెచ్చరిక. అమెరికాలోనే యాభై లక్షల ప్రతులు అమ్ముడయ్యాయి. అయితే ఆ హెచ్చరికను కొందరు ఆహ్వానంగా విన్నారు. మత్తులో ఉన్న అభిమానులు తన దగ్గరికొచ్చి బొటనవేలు పైకెత్తి చూపిస్తుంటే, సరిగ్గా ఏది జరగకూడదనుకున్నానో అదే జరిగిందని లేన్ తర్వాత ఒక ఇంటర్వ్యూలో బాధపడ్డాడు.

అదే ఆల్బమ్‌లో 'రూస్టర్' కూడా ఉంది. యుద్ధం గురించి ఇంట్లో నోరు విప్పని తండ్రి మనసులోకి దూరి కాంట్రెల్ రాసిన పాట అది. దాని వీడియో తీసేటప్పుడు ఆ పెద్దాయన కెమెరా ముందు కూర్చుని వియత్నాం గురించి మాట్లాడాడు. తండ్రీ కొడుకుల మధ్య ఏళ్లుగా నిలిచిన మౌనం ఆ పాటతో కరగడం మొదలైంది. పాట ఒక ఇంటి గాయాన్ని మాన్పగలిగింది. ఆ పాట పాడినవాడి గాయాన్ని మాన్పలేకపోయింది.

పతనం మెట్టు మెట్టుగా వచ్చింది. 1993 జనవరిలో బ్రెజిల్ కచేరీల తర్వాత మైక్ స్టార్ బృందానికి దూరమయ్యాడు. తనను తీసేయడానికి మత్తే కారణమని ఏళ్ల తర్వాత తనే చెప్పుకున్నాడు. అతని స్థానంలో మైక్ ఐనెజ్ వచ్చాడు. ఆ ఏడాది పర్యటనలు ముగించుకుని సియాటెల్ వచ్చేసరికి అద్దె ఇల్లు కూడా పోయింది. సామాను తీసుకుని లండన్ బ్రిడ్జ్ స్టూడియోలోనే మకాం పెట్టి, వారం పది రోజుల్లో ఏడు పాటలు చేశారు. జార్ ఆఫ్ ఫ్లైస్ అనే ఆ చిన్న రికార్డు (ఈపీ) 1994 జనవరిలో విడుదలై నేరుగా బిల్‌బోర్డ్ మొదటి స్థానంలో దిగింది. అంతకుముందు ఏ ఈపీకీ దక్కని గౌరవం అది. గొంతుకు, గిటారుకు మధ్య గాలి ఆడేంత చోటు వదిలిన ఆ పాటలు వింటే, ఈ బృందం ఇంకా ఎంత దూరం వెళ్లగలిగేదో అర్థమవుతుంది.

వెళ్లలేదు. ఏప్రిల్ 5న నిర్వాణా గాయకుడు కర్ట్ కొబేన్ తుపాకీతో ప్రాణం తీసుకున్నాడు. ఆ వేసవిలో మెటాలికాతో జరగాల్సిన పర్యటనను, వుడ్‌స్టాక్ కచేరీని ఆలిస్ ఇన్ చెయిన్స్ రద్దు చేసుకుంది. లేన్ పాడే స్థితిలో లేడు. అతన్ని దారికి తేవాలని పెర్ల్ జామ్ గిటారిస్టు మైక్ మెక్‌క్రెడీ మ్యాడ్ సీజన్ అనే బృందం కట్టాడు. డీఅడిక్షన్ కేంద్రంలో పరిచయమైన జాన్ బేకర్ సాండర్స్‌ను బేస్ వాయించడానికి తీసుకొచ్చాడు. మత్తు మానినవాళ్ల మధ్య ఉంటే లేన్ కూడా మానేస్తాడని ఆశ. 1995లో ఒక గొప్ప ఆల్బమ్ వచ్చింది. ఆశ మాత్రం ఫలించలేదు. 1999లో సాండర్స్ కూడా హెరాయిన్‌తోనే పోయాడు.

1995 నవంబరులో బృందం పేరుతోనే మూడో ఆల్బమ్ వచ్చి మళ్లీ మొదటి స్థానం అందుకుంది. అట్ట మీద మూడు కాళ్ల కుక్క. కచేరీలు మాత్రం లేవు. చివరికి 1996 ఏప్రిల్ 10న, రెండున్నరేళ్ల తర్వాత, బ్రూక్లిన్‌లోని మెజెస్టిక్ థియేటర్‌లో ఎంటీవీ అన్‌ప్లగ్డ్ కోసం వేదిక ఎక్కారు. ఆ రికార్డింగ్ ఇవాళ ఎవరైనా చూడవచ్చు. చుట్టూ కొవ్వొత్తులు. 'నట్‌షెల్' పాట మొదలైన తర్వాత ఒక్కొక్కరే వచ్చి కూర్చుంటారు. లేన్ నడిచి రాగానే హాలు చప్పట్లతో నిండిపోతుంది. గులాబీ రంగు వేసిన పొట్టి జుట్టు, నల్ల కళ్లద్దాలు, మణికట్టు దాకా దించుకున్న చొక్కా చేతులు. మనిషి చిక్కి సగమయ్యాడు. ఒక పాటలో మాట తప్పి, ఆపి, మళ్లీ మొదలుపెట్టాడు. కాంట్రెల్ చూపు ఊరికే అతని వైపే పోతుంటుంది. అయినా గొంతెత్తినప్పుడల్లా ఆ మనిషి మళ్లీ నిండుగా కనిపిస్తాడు. చిక్కిపోయిన ఒంట్లోంచి ఆ స్వరం ఎలా వచ్చిందో చూస్తూ ఏడ్చినవాళ్లున్నారు. నేనూ వాళ్లలో ఒకణ్ణి.

ఆ జూలై 3న కాన్సస్ సిటీలో, కిస్ బృందం కచేరీకి ముందు పాడారు. లేన్‌తో ఆలిస్ ఇన్ చెయిన్స్ ఆఖరి కచేరీ అదే. అక్టోబరు 29న అతను పెళ్లాడాలనుకున్న డెమ్రీ పారట్ చనిపోయింది. ఆమెను పొట్టనపెట్టుకున్నదీ మత్తే. ఆ తర్వాత లేన్ లోకానికి కనిపించడం దాదాపు మానేశాడు. సియాటెల్ యూనివర్సిటీ డిస్ట్రిక్ట్‌లో ఒక ఫ్లాట్ కొనుక్కుని తలుపు వేసుకున్నాడు. వారానికి మూడుసార్లు ఫోన్ చేసేవాడినని, అటు వెళ్లినప్పుడల్లా ఇంటి ముందు నిలబడి పేరు పెట్టి అరిచేవాడినని కిన్నీ తర్వాత చెప్పాడు. జవాబు వచ్చేది కాదు. స్నేహితులు వదిలేశారని అనడం న్యాయం కాదు. ప్రేమ గుమ్మం దాకా వచ్చింది. లోపలి గడియ మాత్రం మత్తు చేతిలో ఉంది.

2002 ఏప్రిల్ 4న మైక్ స్టార్ ఆ ఇంటికి వెళ్లాడు. లేన్ ఆరోగ్యం చూసి భయపడి అంబులెన్స్‌ను పిలుస్తానంటే, పిలిస్తే ఇక నీతో మాట్లాడనన్నాడట లేన్. మాటా మాటా పెరిగింది. స్టార్ లేచి వచ్చేశాడు. రెండు వారాలు గడిచాయి. బ్యాంకు ఖాతా నుంచి డబ్బు కదలడం లేదని లెక్కలు చూసేవాళ్లు గమనించారు, ఆ కబురు తల్లికి చేరింది. ఏప్రిల్ 19న ఆమె పోలీసులతో కలిసి వెళ్లింది. ఏప్రిల్ 5నే, కొబేన్ పోయిన తేదీనే, లేన్ చనిపోయాడని అధికారులు తేల్చారు. హెరాయిన్, కొకెయిన్ కలిపి తీసుకోవడం కారణం. కన్నకొడుకు పోయిన సంగతి తల్లికి బ్యాంకు లెక్కల ద్వారా తెలియడం కంటే పెద్ద విషాదం ఈ కథలో లేదు.

ఆ రోజు లేచి వచ్చేశానన్న బాధ స్టార్‌ను జీవితాంతం తిన్నది. టీవీ కెమెరాల ముందు, లేన్ తల్లి ఎదుట ఆ బాధను చెప్పుకుని ఏడ్చాడు. 2011 మార్చి 8న సాల్ట్ లేక్ సిటీలో అతనూ పోయాడు. వయసు 44. మొదటి నలుగురిలో ఇద్దరు వెళ్లిపోయారు.

మిగిలినవాళ్లు చాలాకాలం ఆ పేరుతో వేదిక ఎక్కలేదు. వాళ్లను మళ్లీ కలిపింది సునామీ. 2004 డిసెంబరు 26న మన నెల్లూరు, ప్రకాశం, కృష్ణా తీరాలను కూడా ముంచిన అల అది. దక్షిణాసియా సునామీ బాధితుల సహాయార్థం 2005 ఫిబ్రవరిలో సియాటెల్‌లో కాంట్రెల్, కిన్నీ, ఐనెజ్ కలిసి వాయించారు. ఎక్కడివాళ్ల దుఃఖం కోసమో చేతులు కలిపితే, తమ దుఃఖాన్ని మోసే బలం వచ్చింది. 2006లో విలియం డువాల్ గాయకుడిగా చేరాడు. 2009లో, డర్ట్ విడుదలై సరిగ్గా 17 ఏళ్లు నిండిన రోజున, కొత్త ఆల్బమ్ వచ్చింది. లేన్‌కు వీడ్కోలుగా కాంట్రెల్ రాసిన చివరి పాటకు ఎల్టన్ జాన్ పియానో వాయించాడు. లేన్ చిన్నప్పుడు చూసిన మొదటి కచేరీ ఎల్టన్ జాన్‌దే. ఆ తర్వాత 2013లో, 2018లో ఇంకో రెండు ఆల్బమ్‌లు చేశారు. 2019లో సియాటెల్ నగరం ఆగస్టు 22ను లేన్ స్టేలీ దినంగా ప్రకటించింది.

బృందం బతికింది. డువాల్ తన గొంతుతోనే పాడాడు, లేన్‌లా పాడాలని చూడలేదు. అది అతని మర్యాద. అయినా పాత పాటలు వచ్చినప్పుడు వినేవాళ్ల చెవి రెండో గొంతు కోసం వెతుక్కుంటూనే ఉంటుంది.

ఇలాంటి కథలు విన్నప్పుడు చాలామంది అనే మాట ఒకటుంది. ఆ మత్తే లేకపోతే ఆ పాటలూ లేవని. మనకూ ఈ మోజు ఉంది. దేవదాసు కోసం కన్నీళ్లు పెట్టుకున్నాం, అతని చేతిలోని సీసాను మాత్రం ప్రేమకు గుర్తుగా దాచుకున్నాం. మత్తు లేకపోతే పాటల్లేవన్న మాట అబద్ధం. లేన్‌ను గాయకుణ్ణి చేసింది పన్నెండేళ్ల నుంచి చేసిన సాధన, మ్యూజిక్ బ్యాంక్ గదిలో పంచుకున్న ఆకలి, పక్కన నిలబడి స్వరం కలిపిన స్నేహితుడు. కావాలంటే లెక్క చూడండి. ఒళ్లూ గొంతూ ఇంకా చాలావరకు సహకరించిన 1990 నుంచి 1995 దాకా ఆలిస్ ఇన్ చెయిన్స్ మూడు ఆల్బమ్‌లు, రెండు ఈపీలు ఇచ్చింది. మత్తు అతన్ని పూర్తిగా మింగేసిన చివరి ఆరేళ్లలో లేన్ ఈ బృందం కోసం పాడిన కొత్త పాటలు రెండే రెండు.