రాజ్యలక్ష్మమ్మగారి ఇల్లు

స్వర్ణోత్సవ సంచికకు చరిత్ర వ్యాసం కావాలన్నారు. కారంపూడి, నాగులేరు, బ్రహ్మనాయుడు గురించి మిత్రులు ఎలాగూ రాస్తారు. నేను రాజమండ్రిలోని ఒక ఇంటి గురించి రాస్తాను. మనకూ దానికీ చుట్టరికం ఉంది.

కందుకూరి వీరేశలింగం పంతులుగారు 1848 ఏప్రిల్ 16న పుట్టిన ఇల్లది. ఇప్పుడు రాష్ట్ర పురావస్తు శాఖ కాపాడుతోంది. బడిలో మనమంతా 'వితంతు వివాహాలు జరిపించిన సంస్కర్త' అని ఒక్క వాక్యం రాసి మార్కులు తెచ్చుకున్నాం. ఆ వాక్యంలో ఇల్లాలు లేదు.

1881 డిసెంబరు 11న తొలి వితంతు వివాహం ఆ ఇంట్లోనే జరిగింది. వరుడు గోగులపాటి శ్రీరాములు. డబ్బు సాయం కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారిది. పంతులుగారి శిష్యులు అండగా నిలిచారు. ఊరు మాత్రం వెలివేసింది. వంటవాళ్లు మానేశారు, నీళ్లు తెచ్చేవాళ్లూ మానేశారు. రాజ్యలక్ష్మమ్మగారే గోదావరికి వెళ్లి నీళ్లు మోసుకొచ్చి, ఇంటెడు మందికీ వండిపెట్టారు. వేసవిలో చేదబావి దగ్గర వంతుకోసం నిలబడ్డ పల్నాటివాళ్లకు ఆ బిందె బరువు నేను చెప్పాలా? సభల్లో వాదించడానికి పంతులుగారున్నారు. పొయ్యి దగ్గర వాదన ఉండదు, పని ఉంటుంది.

తర్వాత దంపతులు తమ ఆస్తిని 1906లో నెలకొల్పిన హితకారిణీ సమాజానికి రాసిచ్చారు. వారి తోట పేరు ఆనందోద్యానం. 1910లో కన్నుమూసిన రాజ్యలక్ష్మమ్మగారి సమాధి, 1919 మే 27న మద్రాసులో మరణించిన పంతులుగారి సమాధి ఆ చెట్లమధ్యే ఉన్నాయి. ఇల్లు చూసినవాళ్లు తోటకు కూడా వెళ్లాలి. చాలామంది వెళ్లరు.

ఇక చుట్టరికం. నాటి సత్తెనపల్లి తాలూకా వేములూరుపాడులో 1877లో పుట్టిన ఉన్నవ లక్ష్మీనారాయణగారు పంతులుగారి బాటపట్టి గుంటూరులో వితంతు వివాహాలు జరిపించారు. వేములూరుపాడు అసలు పల్నాడేనా అని వాదించేవాళ్లున్నారు. మన అడవి పుల్లరి పోరాటంలో జైలుకెళ్లినవారిని పరాయివారనడానికి నాకు నోరు రాదు. 'మాలపల్లి' ఆయనకు పేరు తెచ్చింది. ఆయన, భార్య లక్ష్మీబాయమ్మగారు కలిసి 1922లో గుంటూరులో ఆడపిల్లల చదువుకు శారదానికేతన్ పెట్టారు. ఆవిడ పేరు కూడా మన పాఠాల్లో లేదు.

రాజమండ్రి వెళ్తే, ఆ ఇంట్లో వంటగది ఎక్కడుండేదో అడిగి చూడండి.