కత్తి పట్టిన ఇన్సూరెన్స్

కనెక్టికట్ రాష్ట్రంలోని న్యూ హేవెన్‌కి రైల్లో వచ్చినా, హైవే మీద వచ్చినా ముందు కంటబడేవి యేల్ విశ్వవిద్యాలయం గోపురాలు కావు, ఒక ముదురు గోధుమరంగు భవనం. 23 అంతస్తులు, నాలుగు మూలలా నాలుగు లావుపాటి గుండ్రటి బురుజులు. కెవిన్ రోష్, జాన్ డింకెలూ అనే వాస్తుశిల్పులు రూపకల్పన చేయగా 1969లో పూర్తైన ఈ భవనం నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే కథోలిక మగవాళ్ళ సంఘానికి ప్రధాన కార్యాలయం. నాలుగు బురుజులూ సంఘం నాలుగు సూత్రాలకి గుర్తులు: దాతృత్వం, ఐకమత్యం, సోదరభావం, దేశభక్తి. అమెరికా చరిత్ర చెప్పమంటే అందరూ వాషింగ్టన్‌తోనో లింకన్‌తోనో మొదలుపెడతారు. నేను ఈ భవనంతో మొదలుపెడతాను. వలస వచ్చినవాడు ఈ దేశంలో ఎట్లా ఇమిడాడో, ఇమిడాక ఏం చేశాడో ఇంత విప్పి చెప్పే కథ నాకు ఇంకోటి దొరకలేదు.

1845లో ఐర్లండులో బంగాళాదుంప పైరుకి తెగులు పట్టింది. ఆ కరువుకి లక్షలమంది చచ్చారు, లక్షలమంది ఓడలెక్కి ఇటు వచ్చారు. వచ్చినవాళ్ళలో ఎక్కువమంది కథోలికులు. ఇక్కడున్నవాళ్ళు ఎక్కువగా ప్రొటెస్టంట్లు. మన దగ్గర చర్చి అంటే అంతా ఒకటే అనుకుంటాం గానీ, ఆ రోజుల్లో ఈ తేడా కొంపలు కాల్చేంత తేడా. మాట వరసకి అనడం లేదు: 1834లోనే బోస్టన్ పక్కన చార్ల్స్‌టౌన్‌లో సన్యాసినుల మఠాన్ని గుంపు తగలబెట్టింది. పోపు చెప్పినట్టు ఆడేవాడు ఈ దేశానికి నమ్మకంగా ఎట్లా ఉంటాడన్నది ప్రొటెస్టంట్ల ప్రశ్న. 'నో నథింగ్' అని పేరుపడ్డ పార్టీ ఈ ద్వేషం మీద ఎన్నికలు గెలిచింది. ఆ పార్టీ తరఫున 1855లో కనెక్టికట్ గవర్నరైన విలియం మైనర్ ఐరిష్‌వాళ్ళ మిలీషియా దళాల్ని రద్దు చేశాడు. తర్వాత పాతికేళ్ళకి కూడా పరిస్థితి పెద్దగా మారలేదు. న్యూ హేవెన్‌లో పెద్దమనుషులుండే హిల్‌హౌస్ అవెన్యూ మీద కథోలికులు సెయింట్ మేరీస్ గుడి కట్టుకుంటే, అంత గొప్ప వీధికి మచ్చ వచ్చిందన్న ధోరణిలో 1879లో న్యూయార్క్ టైమ్స్ రాసింది.

ఆ గుడిలో చిన్న గురువు, అంటే సహాయ ఫాదరీ, మైఖేల్ మెక్‌గివ్నీ. 1852లో వాటర్‌బరీలో పుట్టాడు. తండ్రి ఇత్తడి కార్ఖానాలో అచ్చుపోత పనివాడు. పదమూడుమంది పిల్లల్లో ఇతను పెద్ద. ఆరుగురు పసితనంలోనే పోయారు. పదమూడేళ్ళకి బడి మానేసి చెంచాలు చేసే చోట పనికి కుదిరాడు. తర్వాత గురువిద్యలో చేరాడు గానీ, 1873లో తండ్రి చనిపోయాడన్న కబురొచ్చి చదువు మధ్యలో ఇంటికి రావలసి వచ్చింది. సంపాదించే మనిషి పోతే ఇల్లేమవుతుందో ఆయనకి పుస్తకాలు చెప్పనక్కర్లేదు.

కార్ఖానాల్లో చావులు మామూలు. నష్టపరిహారం లేదు, పింఛను లేదు. తండ్రి పోయిన పిల్లల్ని పోషించగల దారి చూపించకపోతే వాళ్ళని తల్లి దగ్గరనుంచి తీసి వేరేచోట అప్పగించే అధికారం కోర్టుకి ఉండేది. డౌన్స్ అనే కుటుంబానికి అదే గతి పట్టబోయింది. 1882 ఫిబ్రవరిలో న్యాయమూర్తి ఆ ఇంటి కుర్రాడికి పూచీ ఎవరని అడిగితే మెక్‌గివ్నీ లేచి నేనుంటానన్నాడు. ఒక పిల్లవాడికైతే ఆయన నిలబడ్డాడు. ఊళ్ళో ఉన్న పిల్లలందరికీ నిలబడాలంటే సంఘం కావాలి. దాని కోసం అప్పటికే, అంటే 1881 అక్టోబరులోనే, గుడి కింది గదిలో కొంతమంది మగవాళ్ళని కూడగట్టాడు. 1882 మార్చి 29న సంఘం రిజిస్టరైంది.

ఇన్సూరెన్స్ ఆలోచన ఆయనది కాదు. 1868లో పెన్సిల్వేనియాలో జాన్ అప్‌చర్చ్ అనే ఆయన పనివాళ్ళ సంఘం ఒకటి పెట్టి, సభ్యుడెవరైనా పోతే తక్కినవాళ్ళు తలా ఒక డాలరు వేసుకుని ఆ కుటుంబానికిచ్చే పద్ధతి నడిపాడు. మన చీటీపాటకీ దీనికీ తేడా ఒక్కటే, ఇక్కడ పాట పాడేది చావు. దేశమంతా ఇలాంటి సంఘాలు వెలిశాయి. అన్నిటికీ రహస్య కర్మకాండ, సంకేతాలు, మెట్టుమెట్టుగా దీక్షలు. మూలం ఫ్రీమేసన్లు. హైదరాబాదు గోషామహల్ బారాదరిలో ఉండేది వాళ్ళ లాడ్జే. కథోలికుడికి వాటిలో చేరే వీల్లేదు. మేసన్ల సంఘంలో చేరితే వెలి అని 1738లోనే పోపు శాసనం. భార్యాబిడ్డలకి భరోసా కావాలంటే మతం వదులుకోవాలి, మతం కావాలంటే భరోసా వదులుకోవాలి. మెక్‌గివ్నీ ఈ ముడి విప్పాడు. అదే కర్మకాండ, అదే చందా. గుడి మాత్రం మనది.

పేరు విషయంలో తొలి సభ్యుల తెలివి మెచ్చుకోవాలి. మెక్‌గివ్నీ 'సన్స్ ఆఫ్ కొలంబస్' అన్నాడు. అంతర్యుద్ధంలో పోరాడి వచ్చిన జేమ్స్ ముల్లెన్ 'నైట్స్' (వీరయోధులు) అంటే బాగుంటుందన్నాడు, మొదటి అధిపతీ అతనే అయ్యాడు. కూలివాడికి రాత్రిపూట వీరుడి బిరుదు. ఇక కొలంబస్ ఎందుకంటే, ఈ ఖండానికి దారి చూపినవాడు కథోలికుడని గుర్తు చెయ్యడానికి. మీ ఓడ రాకముందే మావాడి ఓడ వచ్చిందని కొత్తగా వచ్చినవాడి జవాబు.

చేరడానికి అర్హత: 18 ఏళ్ళు నిండిన మగవాడై ఉండాలి, రోము చర్చి మాట మీద నడిచే కథోలికుడై ఉండాలి. మొదటి మూడు దీక్షలు దాతృత్వం, ఐకమత్యం, సోదరభావం. నాలుగోది దేశభక్తి, 1900లో కలిపారు. కత్తి, టోపీ ఈ నాలుగో మెట్టువాళ్ళవే. దేశభక్తిని ఒక దీక్షగా పెట్టుకోవలసి వచ్చిందంటే, వాళ్ళ దేశభక్తిని ఎంతమంది అనుమానించారో ఊహించుకోండి. 1912 ఎన్నికల వేళ వీళ్ళ పేరున ఒక దొంగ ప్రమాణపత్రం పుట్టింది. ప్రొటెస్టంట్లని చంపుతామని వీళ్ళు ఒట్టు వేసుకుంటారని అందులో ఉంది. 1928లో కథోలికుడైన ఆల్ స్మిత్ అధ్యక్ష పదవికి నిలబడ్డప్పుడూ, 1960లో కెనెడీ నిలబడ్డప్పుడూ అదే కాగితం మళ్ళీ చేతులు మారింది. కెనెడీ నాలుగో మెట్టు నైట్ కూడాను. వాట్సాప్ లేని రోజుల్లో ఒక అబద్ధం దాదాపు యాభయ్యేళ్ళు బతికింది.

వీళ్ళు ఊరుకోలేదు. ఓరెగాన్ రాష్ట్రంలో కథోలిక బడులు మూయించడానికి 1922లో చట్టం తెస్తే, దాని వెనక కథోలికులంటే పడని కూ క్లక్స్ క్లాన్ ఉంటే, కోర్టు ఖర్చులకి నైట్స్ డబ్బిచ్చారు. 1925లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. పిల్లల్ని ఏ బడికి పంపాలో తల్లిదండ్రుల ఇష్టమని ఇవాళ ఈ దేశంలో ఎవరు వాదించినా ఆ తీర్పే ఎత్తిచూపుతారు.

ఇంతవరకూ వింటే చప్పట్లు కొట్టాలనిపిస్తుంది. ఇక్కడే ఆగితే కథ సగమే. సంఘంలో చేరేవాడి మీద గుప్తంగా ఓటు వేసేవారు. పెట్టెలో అయిదు నల్లగోళీలు పడితే మనిషి బయటే. నల్లగోళీ వేసినవాడు కారణం చెప్పనక్కర్లేదు. నల్లజాతి కథోలికులకి ఈ గోళీ గోడైపోయింది. అందుకే వాళ్ళు 1909లో అలబామాలోని మొబైల్‌లో నైట్స్ ఆఫ్ పీటర్ క్లేవర్ అని తమ సంఘం తాము పెట్టుకున్నారు. విచిత్రమేమంటే, అమెరికాని కట్టడంలో తలో జాతి వంతూ చెప్పే పుస్తకాలు వేయించి, అందులో భాగంగా 1924లో నల్లజాతి రచయిత డబ్ల్యూ.ఇ.బి. డుబోయిస్ చేత నల్లవాళ్ళ గురించి 'ద గిఫ్ట్ ఆఫ్ బ్లాక్ ఫోక్' రాయించింది ఈ నైట్సే! పుస్తకంలో చోటిచ్చారు, బల్ల దగ్గర ఇవ్వలేదు. 1963లో షికాగోలో ఒక నల్లజాతి పట్టభద్రుణ్ణి గోళీలతో తోసిపుచ్చితే, నిరసనగా అక్కడి శాఖలో ఆరుగురు అధికారులు రాజీనామా చేశారు. మరుసటేడాది నిబంధన మార్చారు; కాదనాలంటే ఓటు వేసినవాళ్ళలో మూడోవంతు కాదనాలి. నిన్న తలుపు బయట నిలబడ్డవాడు లోపలికి రాగానే గడియ బిగించడం ఐరిష్‌వాళ్ళ ప్రత్యేకత కాదు. ఇక్కడి తెలుగు సంఘాల చీలికలు చూస్తున్నవాణ్ణి, ఈ మాట అనే హక్కు నాకుందనుకుంటాను.

అమెరికా బడిపిల్లలు జెండా ముందు చెప్పే ప్రతిజ్ఞలో 'దేవుని కింద' అన్న మాట చేర్చాలని ఒత్తిడి తెచ్చినవాళ్ళలో వీళ్ళూ ఉన్నారు. 1954లో ఐసెన్‌హోవర్ సంతకం పెట్టాడు. మఠం తగలబడ్డ నూట ఇరవయ్యేళ్ళకి దేశం చెప్పుకునే ప్రతిజ్ఞలో వీళ్ళ మాట చేరింది. కొలంబస్ మాత్రం కాలం తిరగబడి దెబ్బతిన్నాడు. ఆదివాసుల నాశనానికి ఆద్యుడన్న ఆరోపణతో 2020లో దేశమంతా అతని విగ్రహాలు దిగాయి. న్యూ హేవెన్ వూస్టర్ స్క్వేర్‌లోది కూడా ఆ జూన్‌లోనే తీసేశారు. అదే ఏడాది అక్టోబరులో రోము చర్చి మెక్‌గివ్నీని ధన్యుడిగా (పునీతుడికి ముందు మెట్టు) ప్రకటించింది. 1890లో ఆయన పోయేనాటికి 38 ఏళ్ళు నిండి రెండు రోజులు.

ఇప్పుడు సభ్యులు 20 లక్షల పైమాటే. 2020 నుంచి మొదటి మూడు దీక్షలూ కలిపి, కుటుంబాల ఎదుటే బహిరంగంగా చేసేస్తున్నారు; రహస్యం పోయింది. ఈస్టరుకి ముందొచ్చే తపస్సుకాలం శుక్రవారాల్లో గుడి హాళ్ళలో చేపల వేపుడు అమ్మేదీ, సూపర్‌మార్కెట్ల ముందు పసుపు ఏప్రాన్లు కట్టుకుని టూట్సీ రోల్ చాక్లెట్లిచ్చి మానసిక వికలాంగుల కోసం చందాలడిగేదీ వీళ్ళే. ఇన్సూరెన్స్ సంగతి మాత్రం నవ్వులాట కాదు. డాలరు చందా పద్ధతితో నడిచిన చాలా సంఘాలు సభ్యులు ముసలివాళ్ళై చావులు పెరిగేసరికి మూతబడ్డాయి. వీళ్ళు ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే వయసును బట్టి ప్రీమియం కట్టే దారికి మారి బతికిపోయారు. ఇవాళ వాళ్ళ పాలసీల మొత్తం వంద బిలియన్ డాలర్లు దాటింది.

మన సంగతికొస్తే, ఇక్కడ మనవాడెవడైనా కారు ప్రమాదంలో పోతే సాయంత్రానికి గోఫండ్‌మీ పేజీ తయారవుతుంది, తెలుగు సంఘాలు శవాన్ని ఇంటికి పంపే ఏర్పాట్లు చూస్తాయి. ఇచ్చే చేతులు తక్కువేం కాదు. కానీ అది 1882కి ముందు న్యూ హేవెన్‌లో జరిగినట్టు, చచ్చాక జోలె పట్టడమే. కంపెనీ ఇచ్చే ఇన్సూరెన్స్ చాలావరకు ఉద్యోగంతోపాటే పోతుంది. మీ అబ్బాయో అమ్మాయో ఇక్కడుంటే ఈసారి వీడియో కాల్‌లో గ్రీన్ కార్డు సంగతి తర్వాత అడుగుదురుగాని, ముందు సొంతంగా టర్మ్ పాలసీ తీసుకున్నారో లేదో అడగండి.