కండమాంసము, ఉప్పుడు బియ్యము: బ్రిక్‌ఫీల్డ్స్ కంచముల కథ

కౌలాలంపూరు నగరమున, రైలుబండ్లన్నియు వచ్చి కలియు కె.ఎల్. సెంట్రల్ స్టేషను నానుకొని, పూలదండల దుకాణములతోను చీరెల కొట్లతోను అరటియాకు భోజనశాలలతోను కళకళలాడుచున్న బ్రిక్‌ఫీల్డ్స్ పేటకు ఆ పేరు ఇటుకల వలన వచ్చినది. 1881లో అగ్నిప్రమాదమును వరదయు ఒకే సంవత్సరమున ఆ చిన్న పట్టణమును కబళింపగా, అత్తాపు ఆకుల కప్పులును చెక్కగోడలును ఇక పనికిరావనియు, ఇండ్లన్నియు ఇటుకతోను పెంకుతోను కట్టవలయుననియు ఆంగ్ల రెసిడెంటు ఫ్రాంక్ స్వెటెన్‌హామ్ పట్టుబట్టెను; ఆ ఇటుకల కొరకు చీనా నాయకుడు యాప్ క్వాన్ సెంగ్ ఇచ్చటి బంకమట్టి నేలలో బట్టీలు పెట్టించెను. బట్టీల వెంట రైలుమార్గము వచ్చెను. 1886లో క్లాంగు వైపునకు తొలి పట్టాలు పడినది మొదలు, గుమాస్తా పనులకు సింహళద్వీపపు తమిళులును, పట్టాలు పరచుటకును మరమ్మతులకును దక్షిణ భారతపు కూలీలును ఈ ప్రాంతమునకు చేరుకొనిరి. తెలుగువారు అధికముగా దిగినది పెరాక్ రాష్ట్రమందలి బాగన్ దాతో కొబ్బరితోటలలోను, రబ్బరు ఎస్టేటులలోను. ఉత్తరపు సర్కారుల నుండి ఓడనెక్కి వచ్చిన ఆ కుటుంబముల సంతతివారు క్రమముగా చదువులకును ఉద్యోగములకును రాజధానికి వచ్చిరి. 1955లో మలయా ఆంధ్ర సంఘము వెలసెను.

ఈ పేట గోడల చరిత్ర పలువురు వ్రాసియున్నారు. నేను చెప్పదలచినది ఇచ్చటి కంచముల చరిత్ర.

ఇరువదవ శతాబ్దపు తొలి సంవత్సరములలో ఈ పట్టణమున రెండు విధములైన వంటిండ్లు ఉండెడివి. మొదటిది దొరల బంగళాలోనిది. 1903లో సింగపూరున కోల్డ్ స్టోరేజి కంపెనీ ఏర్పడి, ఆస్ట్రేలియా నుండి గడ్డకట్టించిన మాంసమును ఓడలలో తెప్పించుట మొదలుపెట్టిన పిమ్మట, భూమధ్యరేఖ చేరువనున్న ఈ ఉక్కలో సైతము ఆంగ్లేయుని ఆదివారపు బల్లమీద ఇంగ్లండులోవలెనే నిప్పుసెగపై కాల్చిన గోమాంసపు తునక ప్రత్యక్షమగుటకు వీలు కలిగెను. రెండవది కూలి లైనులలోని, అనగా కూలీల వరుస యిండ్లలోని, వంటిల్లు: మూడురాళ్ళ పొయ్యి, కుండెడన్నము, పలుచని పులుసు, దొరికిననాడు నాలుగు ఎండు నెత్తళ్ళు. మలయులు ఇకాన్ బిలిస్ అని పిలుచునది మన నెత్తళ్ళ జాతి చేపయే అని గ్రహించినప్పుడు, సముద్రము దాటి వచ్చిన ఉత్తరాంధ్ర స్త్రీకి ఎంత ఊరట కలిగియుండునో ఊహింపవచ్చును.

ఈ రెండు వంటిండ్లను చూచినవాడెవ్వడైనను, బలమంతయు మొదటి దానిలోనే యున్నదని తీర్పు చెప్పియుండును. నాటి శాస్త్రమును అట్లే చెప్పెను. జర్మను రసాయనవేత్త యూస్టస్ ఫాన్ లీబిగ్, కండరము పనిచేయునప్పుడు కండరమే ఖర్చగుననియు, ఆ నష్టమును పూరింప మాంసకృత్తులే శరణ్యమనియు బోధించెను. 1865లో ఆయన పేరిట గోమాంస సారమును సీసాలకెత్తి అమ్ము కంపెనీయే వెలసెను. అదే సంవత్సరమున ఫిక్, విస్లిట్సేనస్ అను ఇరువురు శాస్త్రజ్ఞులు మాంసకృత్తులు లేని పిండి వంటకములను, చక్కెర కలిపిన తేనీటిని మాత్రమే పుచ్చుకొని, స్విట్జర్లండులోని ఫౌల్‌హార్న్ పర్వతమెక్కి, తమ మూత్రమును పరీక్షించుకొని, కాళ్ళకు శక్తినిచ్చినది మాంసకృత్తులు కావని నిరూపించిరి. అయినను లీబిగ్ మాటయే లోకమున నిలిచెను. 1912 నాటికి సైతము వంగదేశమున మెక్‌కే అను వైద్యుడు, మాంసకృత్తులు ఎక్కువ తిను జాతులే దేహదారుఢ్యమునను ధైర్యమునను మిన్న యని గ్రంథము వ్రాసెను. పాలితుడు దుర్బలుడగుటకు కారణము వాని కంచములోనే యున్నదని చెప్పుట పాలకునకు ఎంత అనుకూలమైన సిద్ధాంతమో వేరుగ చెప్పనక్కరలేదు. మన భాషలో మాంసకృత్తు, అనగా మాంసమును చేయునది, అను పదమునందు ఆ కాలపు నమ్మకము నేటికిని నిలిచియున్నది. పదము చక్కనిది, కాని అది మాంసమునందే యుండునను భ్రమ దానివెంట వచ్చినది.

ఇంతలో మలయాలో మనుష్యులు వేరొక లోపమున చనిపోవుచుండిరి. కాళ్ళు తిమ్మిరెక్కి, పిక్కలు నొప్పిపెట్టి, నడక తడబడి, కొందరికి దేహమంతయు నీరుపట్టి, కడకు గుండె ఆగిపోవు బెరిబెరి వ్యాధి, గనులలోని చీనా కూలీలను, చెరసాలలను, ఆసుపత్రులను ఊడ్చివేయుచుండెను. ఇది విషవాయువు వలన వచ్చునని కొందరు, సూక్ష్మజీవి వలన వచ్చునని కొందరు వాదించుచుండగా, నెగ్రి సెంబిలాన్ రాష్ట్ర వైద్యుడు బ్రాడన్ ఒక సామాన్య విషయమును గమనించెను: అదే నేలపై, అదే నీరు త్రావి, అంతకంటె దరిద్రమైన గుడిసెలలో బ్రతుకు దక్షిణ భారతపు కూలీలకు ఈ వ్యాధి దాదాపుగా రాదు. చీనావారు తినునది మరపట్టించిన తెల్లని బియ్యము. భారతీయ కూలీలు తినునది ఉప్పుడు బియ్యము. భేదమంతయు అందే యున్నది.

బ్రాడన్ మాటను పరీక్షకు పెట్టినది కౌలాలంపూరులోనే. పిచ్చాసుపత్రిలో 1905లో బెరిబెరి ప్రబలగా, ఆ పట్టణ వైద్యుడు విలియం ఫ్లెచర్, రోగులను వరుసగా నిలిపి సంఖ్యలు వేయించి, బేసి సంఖ్యవారిని ఒక వైపునకు, సరిసంఖ్యవారిని మరియొక వైపునకు విడదీసి, ఒక వర్గమునకు తెల్లబియ్యమును, రెండవ వర్గమునకు ఉప్పుడు బియ్యమును పెట్టించెను. దోషము భవనములో నున్నదేమో యను అనుమానము తీరుటకై నడుమ ఇరువర్గములను ఒకరి వార్డు నుండి ఒకరి వార్డునకు మార్చెను. 1906 సంవత్సరాంతమునకు లెక్క తేలెను: తెల్లబియ్యము తిన్నవారిలో 18 మంది బెరిబెరితో మరణించిరి, ఉప్పుడు బియ్యము తిన్నవారిలో ఆ వ్యాధితో మరణించిన వాడొక్కడును లేడు. తమ పేరైన చెప్పుకొనలేని ఆ మతిచెడిన అభాగ్యులు, అనుమతి అడుగకయే తమపై జరిపిన ఆ పరీక్షలో ప్రాణములిచ్చి, కోట్లమంది ప్రాణములను కాపాడిరి. వైద్యచరిత్ర వ్రాయువారు ఫ్లెచర్ పేరు చెప్పుదురు. ఆ 18 మందిని తలచు వారెవ్వరును నాకు కనబడలేదు. 1907 మొదలు కౌలాలంపూరు వైద్య పరిశోధనాలయమువారైన ఫ్రేజర్, స్టాంటన్ అను వైద్యులు జెలెబు అడవులలోని దురియన్ తిపుస్ వద్ద రోడ్డుపని చేయు జావా కూలీలపై ఇట్టి పరీక్షయే జరిపి, బియ్యపుమర ఊడ్చివేయు తవుడులోనే ప్రాణరక్షకమైన పదార్థమున్నదని స్థాపించిరి.

వడ్లను నానబెట్టి ఆవిరిపై ఉడికించి ఎండబెట్టునప్పుడు, తవుడునందును మొలకయందును ఉన్న బి-విటమిను కరగి గింజలోనికి ఇంకును. ఆ పిమ్మట మర ఎంత పాలిషు పట్టినను అది పూర్తిగా పోదు. మన పెద్దలు ఇది యెరిగి చేసిరని నేను అనను. పురుగు పట్టకుండుటకును, నూక తగ్గుటకును చేసినపని ప్రాణము నిలిపినది.

ఇచ్చట తెలుగువాడు గర్వపడుటకు ముందు ఒక చేదు నిజమును వినవలెను. భారతదేశమున బెరిబెరికి ఆటపట్టు మన ఉత్తరపు సర్కారులే. మాల్కమ్‌సన్ అను సైనిక వైద్యుడు 1835లో చెన్నపట్టణమున ప్రచురించిన గ్రంథమునందే మన కోస్తా సిపాయిల కాళ్ళవాపులు వర్ణింపబడియున్నవి. 1924లో మెక్‌కారిసన్, నారిస్ అనువారు మరల ఆ జిల్లాల బియ్యమునే పరిశోధించిరి. దక్షిణమున తమిళుడు ఉప్పుడు బియ్యము వండుకొనుచుండగా, కోస్తా తెలుగువాడు పచ్చిబియ్యమునకు అలవాటుపడెను. రోకలి ఉన్నంతకాలము దంపుడు బియ్యపు తవుడు వానిని కాపాడినది, మర వచ్చినపిమ్మట ఆ కాపుదల తొలగినది. మెక్‌కారిసన్ 1918లో కూనూరునందు ఒక గదిలో ఆరంభించిన బెరిబెరి పరిశోధనశాలయే పెరిగి, 1958లో హైదరాబాదునకు తరలివచ్చి, నేటి జాతీయ పోషకాహార సంస్థ అయినది. బెరిబెరిని నివారించు ఆ బి-విటమినును, అనగా థయమినును, 1936లో కృత్రిమముగా నిర్మించిన రాబర్ట్ విలియమ్స్ నెల్లూరున 1886లో బాప్టిస్టు మిషనరీల ఇంట పుట్టినవాడు.

ఇక దొరల బల్లమీది ఆ కాల్చిన తునకకు వత్తము. కొవ్వు కోసివేసిన తొడభాగపు గోమాంసమును కాల్చినప్పుడు నీరింకి బరువులో సుమారు నాలుగవవంతు తరుగును. మిగిలిన దానిలో 100 గ్రాములకు ఇంచుమించు 28 గ్రాముల మాంసకృత్తులు, 5 గ్రాములకు అటునిటుగా కొవ్వు, 170 కెలొరీల శక్తి, 2 మిల్లీగ్రాములకు పైబడిన ఇనుము, 4 నుండి 5 మిల్లీగ్రాముల జింకు, వయోజనునికి ఒక దినమునకు కావలసిన బి-12 విటమినులో అధికభాగము లభించును. ఉడికిన పప్పు అదే తూకమునకు 9 గ్రాముల లోపు మాంసకృత్తులే ఇచ్చును. ఇనుము విషయమున భేదము మరింత స్పష్టము: మాంసపు రక్తవర్ణకములోని ఇనుములో నాలుగవవంతు వరకు దేహము గ్రహింపగా, ఆకుకూరలలోని ఇనుములో పదింట ఒక పాలు ఒంటబట్టుటయు కష్టమే. వృక్షాహారమున బి-12 లేనే లేదు. శాకాహారికి పాలు, పెరుగులే దిక్కు. ఈ మాట దాచుట పాఠకునకు ద్రోహము.

కాని ఆ తునకలో థయమిను 100 గ్రాములకు 0.1 మిల్లీగ్రామైనను ఉండదు. దినమునకు కావలసినది 1.2 మిల్లీగ్రాములు. కేవలము దానితోనే ఆ లోటు పూరింపవలెనన్న కిలోకు పైగా మాంసము తినవలెను. కౌలాలంపూరు రోగులను కాపాడగలిగిన వస్తువు దొరల కంచములో అత్యల్పముగా, కూలివాని కుండలో సమృద్ధిగా ఉండెను. పీచు అందు లేదు, సి-విటమిను లేనట్లే. ఎర్రమాంసము క్యాన్సరునకు బహుశా కారణము కావచ్చునని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగము 2015లో ప్రకటించినది. వారమునకు వండిన ఎర్రమాంసము 500 గ్రాములు మించరాదని విజ్ఞుల సలహా.

లీబిగ్ పొరబడిన చోటనే, కండరమునకు శక్తి యెక్కడిదను ప్రశ్నకు సమాధానము వెదకినవారిలో మనవాడొకడు కలడు. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరమునందు ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థమును కనుగొనెను. కండరము ముడుచుకొనునప్పుడు తక్షణము ఖర్చగు శక్తినిధి అది. స్ప్రూ వ్యాధి తన సోదరులను హరింపగా ఆ దుఃఖమును మనసున మోసిన ఆయన, తదనంతరము లెడర్లీ ఔషధ సంస్థలో తన బృందముచేత ఫోలిక్ ఆమ్లమును 1945 నాటికి కృత్రిమముగా నిర్మింపజేసెను. ఆకుకూరలలోను కాలేయములోను లభించు ఆ ఆమ్లము, పాండురోగముతో క్షీణించు గర్భిణులకు నేడు బిళ్ళల రూపమున అందుచున్నది.

నేటి బ్రిక్‌ఫీల్డ్స్‌లో, 2010లో లిటిల్ ఇండియాగా అలంకరింపబడిన తున్ సంబంతన్ వీథిలో, హిందువుల అరటియాకు భోజనశాలలలో మేకమాంసము, కోడి, చేప వడ్డింతురే గాని గోమాంసము వడ్డింపరు. మలయ ముస్లిముల వంటలలో రెండాంగు అను కూర గోమాంసముతోనే ప్రసిద్ధము. మన తెలుగు గడ్డపై పెద్దకూర యనియు, ఎండబెట్టి తునకలనియు పిలిచి దళితవాడలు తరతరములుగా వండుకొనిన ఆహారమును అంటరానిదిగా చూచిన వారు, కరవుకాలమున ఆ తునకలే బిడ్డల రక్తమున ఇనుమై నిలిచినవని తెలిసికొనవలెను. తినని వాని వ్రతమును గౌరవింపవలసినదే. తిను వాని కంచమును అవమానించు హక్కు ఎవ్వరికిని లేదు.

మాంసము తినని వారు చేయదగిన పనులు రెండు మూడు కలవు. ఆకుకూరపైనను పప్పుపైనను నిమ్మరసము పిండుకొనుడు. ఇనుము అదనముగా ఒంటబట్టును. భోజనము ముగియగనే తే తారిక్ అను తేనీరు త్రావు బ్రిక్‌ఫీల్డ్స్ అలవాటును గంటసేపైనను వాయిదా వేయుడు. అన్నముతోపాటు తేనీరు పుచ్చుకొన్నచో శాకముల ఇనుము గ్రహింపు సగమునకు పైగా తగ్గుట పరీక్షలలో తేలినది. పాలు సైతము ముట్టనివారు, వృద్ధులు, బి-12 కొరకు రక్తపరీక్ష చేయించుకొనుడు.

బాగన్ దాతో నుండియు, ఎస్టేటుల నుండియు వచ్చి ఈ నగరమున స్థిరపడిన తెలుగు కుటుంబములవారికి ఒక మనవి. మీ ఇండ్లలో ఎనుబది దాటిన అవ్వలు ఇంకను కొందరున్నారు. ఎస్టేటు కొట్టులో ఇచ్చినది ఏ బియ్యమో, పండుగనాడు వండినది ఏ కూరయో, బాలింతకు పెట్టినది ఏ చేపయో వారినడిగి, వారి మాటలలోనే ఈ సంవత్సరమే వ్రాసియుంచుడు.